లాక్‌డౌన్ నాటి హైదరాబాద్ గాలి లెక్కల నుంచి వాతావరణ ప్రభావాన్ని ఎలా విడదీయాలి?

2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ వల్ల మన నగరం గాలి నిజంగా ఎంత శుభ్రపడిందో తేల్చాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సైట్ నుంచి సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం, పాశమైలారం స్టేషన్ల గంటవారీ డేటా దించుకున్నాను.

జనవరితో ఏప్రిల్‌ను పోల్చడం తప్పు. ఎండలు ముదిరేకొద్దీ పొగ ఎక్కువ ఎత్తు వరకు కలిసిపోతుంది కాబట్టి బండ్లు ఆగకపోయినా పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి కణాలు) తగ్గుతుంది. అందుకే 2018, 2019లలో అవే తేదీలతో పోలుస్తున్నాను. రోజులో కనీసం 18 గంటల రీడింగులు లేకపోతే ఆ రోజును వదిలేస్తున్నాను. గంటల తరబడి ఒకే అంకె కదలకుండా ఉంటే మిషన్‌ను అనుమానించాల్సిందే, అదీ తీసేస్తున్నాను.

అసలు చిక్కు ఓజోన్‌తో. బండ్ల పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ దాన్ని హరించి, తాను నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది; అది తగ్గితే ఓజోన్ పెరగొచ్చు. నైట్రోజన్ డయాక్సైడ్‌ను 1.88తో, ఓజోన్‌ను 1.96తో భాగించి (25 డిగ్రీల దగ్గర మైక్రోగ్రాముల నుంచి పీపీబీకి, అంటే గాలిలో వంద కోట్ల వంతుల్లో ఎన్ని వంతులో ఆ లెక్కకి) రెండూ కూడుతున్నాను. మొత్తం మారకపోతే కొత్త ఓజోన్ పుట్టలేదని, హరించేది తగ్గిందని అనుకోవచ్చా?

ఇంకో రెండు సందేహాలు. అకాల వర్షం పడిన రోజుల్ని తీసేయాలా, వాతావరణ ప్రభావాన్ని లెక్కగట్టే మోడల్‌లో వర్షాన్ని ఒక చలరాశిగా ఉంచాలా? బేగంపేట వాతావరణ కేంద్రం గాలివేగం లెక్కలు అంత దూరంలోని పాశమైలారానికి పనికొస్తాయా? లాక్‌డౌన్‌లో మందుల తయారీకి మినహాయింపు ఉండేది కనుక బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల్ని సనత్‌నగర్‌తో కలిపి సగటు తీయడానికి మనసొప్పడం లేదు. ఇలాంటి డేటాతో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.