పువ్వు ముఖం ఒక్కటే తీశాను, ఇప్పుడు పేరు తెలియడం లేదు

బాటపక్క (ప్రశ్న):

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఒకే అడవి బాట మీద నడుస్తున్నాను. రానూపోనూ 6 కిలోమీటర్లు. మొదట్లో ఉత్త నడకే. తర్వాత పక్కన కనిపించే పూలకు ఫొటోలు తీయడం అలవాటైంది. ఇప్పుడు నా దగ్గర 2,300 పైచిలుకు ఫొటోలున్నాయి. పోయిన నెల వాటిని పేర్లవారీగా సర్దుకుందామని కూర్చుంటే సగానికి పైగా ఏ మొక్కవో తేల్చుకోలేకపోయాను.

అన్నింటికంటే బాధ పెట్టింది ఒక్క పువ్వు. కిందటి చలికాలం, ఒక బండరాయి నీడలో కనిపించింది. వంగపండు రంగు, గరాటు ఆకారం, ఐదు రెక్కలు. నేను వంగి చూస్తుంటే చిన్న తేనెటీగ లోపలికి దూరింది. 14 ఫొటోలు తీశాను. పద్నాలుగూ ఎదురుగా తీసినవే. వాటిలో మూడు కింద పెట్టాను. వెనకంతా మెత్తగా కరిగిపోయి, మధ్యలో పువ్వు ఒక్కటే తేలుతున్నట్టుంటుంది. ఆ రోజు వాటిని చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను. మొక్కలు తెలిసినవాళ్లకు చూపిస్తే అందరిదీ ఒకటే మాట: ఆకులేవి? కాండమేది? మళ్లీ వెళ్లేసరికి బాట వెడల్పు చేయడానికి ఆ పక్కంతా చెక్కేసి ఉంది. ఈ చలికాలం కూడా వెతికాను. లేదు.

అందుకే అడుగుతున్నాను. నాతో నడిచేవాళ్లు ముందుకు వెళ్లిపోతుంటారు, ఒక్కో మొక్క దగ్గర నాకు దొరికేది మూడు నాలుగు నిమిషాలు. ఆ కాస్త సమయంలో ఏమేం తీస్తే తర్వాత పనికొస్తుంది? ఫోను ఉంది, మాక్రో లెన్సున్న పాత కెమెరా కూడా ఉంది. ఇంకో రెండు చిక్కులు. తుమ్మి లాంటి తెల్లపూలు ఎప్పుడు తీసినా తెల్లటి మచ్చల్లా వస్తాయి, రెక్కల మీద గీతలేవీ కనపడవు. ఆ వంగపండు రంగు పువ్వేమో ఫొటోలో నీలంగా వచ్చింది. అడ్డొచ్చే గడ్డి పీకొచ్చా అన్నది కూడా చెప్పండి, నాకు చెయ్యి రాదు.

పాత బాటనీ మాస్టారు (జవాబు):

మీరు పెట్టిన మూడు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. అడ్డసరం కుటుంబం అనిపిస్తోంది. అంతవరకు చెప్పగలను. ఆ కుటుంబంలో మీరు చెప్పిన రంగు, ఆకారం ఉన్నవి చాలానే ఉన్నాయి. వాటిలో నాకు ముందు తట్టినవి రెండు. ఒకటి బార్లేరియా, మనం డిసెంబరాలు అనుకునేవి అందులోవే. రెండోది రుయెల్లియా, ఎండిన కాయ తడిస్తే టప్పున పేలుతుందే, అది. ఎదురుగా చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే. వెనక్కి తిప్పితే తేడా ఇట్టే తెలిసిపోతుంది. బార్లేరియాకు రక్షక పత్రాలు, అంటే పువ్వు మొదట్లో ఉండే పచ్చటి రేకులు, నాలుగు: బయట రెండు పెద్దవి, వెడల్పుగా, చిన్న ఆకుల్లా ఉంటాయి. వాటి లోపల రెండు చిన్నవి. రుయెల్లియాకు ఐదు, సన్నగా దారాల్లా ఉంటాయి. మీ 14 ఫొటోల్లో ఒక్కటి పక్కనుంచి తీసి ఉంటే ఈ ప్రశ్నే ఉండేది కాదు.

ముప్ఫై ఏళ్లు పిల్లలకు ఇదే చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను. పువ్వు ముఖం చివర్న తీయండి. ముఖంతో మొదలుపెడితే మనసు అక్కడే ఆగిపోతుంది, టైమంతా దానికే పోతుంది. ముందు నిలబడే, మొక్క మొత్తం చుట్టుపక్కల నేలతో సహా పడేలా ఒకటి తీయండి. రాయి మీదుందా, తడి నేలలో ఉందా, పాకిందా, నిటారుగా ఉందా అన్నది ఆ ఒక్క ఫొటోలోనే ఉంటుంది. తర్వాత ఆకు కాండానికి అతుక్కున్న చోటు. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా అన్నది చాలా కుటుంబాలను ఒక్క దెబ్బకు పక్కన పెట్టేస్తుంది. మీ గరాటు పువ్వునే తీసుకోండి. ఆకులు ఒకటి విడిచి ఒకటి ఉండి, తీగ చుట్టుకుంటూ పోతుంటే నేను అడ్డసరం వైపు చూసేవాణ్నే కాదు, ఐపోమియాల వైపు, అంటే చిలగడదుంప జాతి తీగల వైపు వెళ్లేవాణ్ని. ఆకు తిరగేసి అడుగు వైపు ఒకటి తీయండి. నూగు, ఈనెల అల్లిక అక్కడే బాగా తెలుస్తాయి.

తర్వాత పువ్వు పక్కనుంచి, వెనకనుంచి. ఆఖరున ముఖం. అప్పుడు కూడా ఫోకస్ రెక్క అంచు మీద కాదు, లోపల కేసరాల మీద, అంటే పుప్పొడి మోసే కాడల మీద. మొక్కల వర్గీకరణకు పేరుపడ్డ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలను 24 తరగతులుగా విడగొట్టినప్పుడు ప్రధానంగా చూసింది ఈ కేసరాలనే, ఎన్ని ఉన్నాయి, ఎలా అమరాయి అని. ఆ పద్ధతి ఇప్పుడు వాడుకలో లేదు కానీ లెక్క విలువ పోలేదు. రుయెల్లియాలో కేసరాలు నాలుగు, రెండు పొడుగు, రెండు పొట్టి. డిసెంబరాల్లో పొడుగ్గా బయటికి కనిపించేవి రెండే. మీ ఫొటోల్లో రెక్కల అంచులు అద్దంలా ఉన్నాయి, లోపల మాత్రం మసక. లెక్కపెట్టడానికి ప్రయత్నించాను, కుదరలేదు.

గడ్డి చామంతి లాంటివాటి దగ్గర ఇంకో మాట. అది ఒక పువ్వు కాదు, చిన్న పూల గుత్తి. చుట్టూ రెక్కల్లా కనిపించే వాటిలో ఒక్కొక్కటీ ఒక్కో పువ్వు, మధ్యలో పసుపు బొడ్డంతా పూలే. ఆ కుటుంబంలో గుత్తి అడుగున పచ్చటి పొలుసుల వరస చూడకుండా పేరు చెప్పడం కష్టం. కాబట్టి కింద నుంచి ఒకటి తప్పకుండా తీయండి.

కెమెరాకు అందనివి మాటల్లో రాసుకోండి. వాసన, తుంచితే పాలు కారడం, కాండం వేళ్ల మధ్య తిప్పితే పలకలు తగలడం. తుమ్మికి, తులసికి కాండం నలుచదరంగా ఉంటుంది, ఫొటోలో అది సరిగా పడదు. పాలు కారే మొక్కను ముట్టుకున్న చేత్తో కళ్లు తుడుచుకోకండి. కొలతకు మీ చిటికెన వేలు పక్కన పెట్టండి, గోరు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో ఇంట్లో ఒకసారి కొలిచి పెట్టుకుంటే చాలు.

వెలుగునీడ (జవాబు):

మాస్టారు చెప్పిన వరస నేనూ పాటిస్తాను. నేను వెలుతురు సంగతి చెబుతాను.

తెల్లపువ్వు ఎందుకు మాడిపోతుందంటే, కెమెరా ఫ్రేము మొత్తాన్ని సగటున ఒక మధ్యస్థపు బూడిద రంగు వెలుగుకు తేవాలని చూస్తుంది. తుమ్మి పువ్వు చిన్నది, చుట్టూ ముదురాకుపచ్చ. ఆ చీకటిని పైకి లేపబోయి పువ్వును తెల్లటి మచ్చ చేస్తుంది. ఎక్స్‌పోజరు కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే అమరిక) మైనస్ 1 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ఫోనులో అయితే పువ్వు మీద వేలు నొక్కి పట్టుకుని, ఫోకస్ లాకయ్యాక వేలు కిందికి జరపండి, వెలుగు తగ్గుతుంది. ఆకులు కాస్త నల్లబడినా పరవాలేదు, వాటిని తర్వాత పైకి లేపుకోవచ్చు. మాడిపోయిన తెలుపులోంచి గీతలు మాత్రం తిరిగి రావు. ఎర్రపూలతో ఇంకా జాగ్రత్త. మామూలు హిస్టోగ్రాము (ఫొటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫు) బాగానే ఉందంటుంది కానీ ఎరుపు ఒక్కటే నిండి పొర్లిపోయి ఉంటుంది. మూడు రంగులూ విడివిడిగా చూపే హిస్టోగ్రాము పెట్టుకోండి.

ఎండలో తీయాల్సి వస్తే ఎండకు, పువ్వుకు మధ్య మీరే నిలబడండి. మీ నీడ పువ్వు మీద పూర్తిగా పడాలి, సగం సగం పడితే ఇంకా పాడవుతుంది. నా సంచిలో ఎప్పుడూ ఒక పల్చటి తెల్లగుడ్డ ఉంటుంది, ఎండకు అడ్డం పట్టుకుంటే వెలుగు మెత్తబడుతుంది.

వంగపండు రంగు నీలంగా రావడం మీ తప్పు కాదు. సెన్సారు మీదుండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు మన కంటితో అచ్చంగా సరిపోలవు. ఊదా దగ్గర ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. దానికి తోడు నీడలో ఆటో వైట్ బ్యాలెన్సు (వెలుతురును బట్టి కెమెరా తనంతట రంగులు సర్దే పద్ధతి) తనకు తోచినట్టు సర్దుతుంది. రా ఫైలుగా (కెమెరా ఏమీ సర్దకుండా సెన్సారు పట్టింది పట్టినట్టు) తీసి, అదే వెలుతురులో ఒక బూడిద రంగు కార్డు ఫొటో కూడా తీసుకుంటే ఇంటికొచ్చాక చాలావరకు సరిచేయొచ్చు. అది కుదరని రోజు రంగును మాటల్లో రాసుకోండి. వంగపండు రంగు అని మీరు రాసిన మాట ఆ ఫొటో కన్నా నమ్మకమైనది.

ఇక మీ మాక్రో లెన్సు. పువ్వు సెన్సారు మీద తన అసలు సైజులో పడేంత దగ్గరికి వెళితే, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సారున్న) కెమెరాలో ఎఫ్/8 దగ్గర (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టంగా ఉండే పొర మందం ఒక్క మిల్లీమీటరు. ఎఫ్/16కు వెళితే రెండు, కానీ అక్కడ డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రం గుండా పోయే వెలుగు చెదరడం వల్ల, ఫొటో మొత్తం కొంచెం మెత్తబడటం మొదలవుతుంది. కేసరాలు మసకబారింది అందుకే. ఒక అడుగు వెనక్కి జరగండి, పొర మందమవుతుంది. తర్వాత కత్తిరించుకోవచ్చు. గాలికి 1/250 సెకను కన్నా వేగంగా తీయండి. తెల్లవారుజామున గాలి తక్కువ. లేదంటే ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవడమే.

అడ్డొచ్చే గడ్డి ఒకటి రెండు పరకలైతే నేను తుంచేస్తాను.

గడ్డిపరక (జవాబు):

వెలుగునీడ గారూ, చివరి మాట ఒక్కటి నేను ఒప్పుకోను. ఆ పరక కూడా ఒక మొక్కే, పైగా పూత రాకముందు ఏది ఏమిటో మనకు తెలియదు. చేత్తో పక్కకు వంచి పట్టుకోండి, లేదా దారంతో వదులుగా వెనక్కి కట్టి పని కాగానే విప్పేయండి. ఫొటో కోసం మోకాళ్లు పెట్టే చోటు కూడా చూసుకోవాలి. ఒకరు బాట దిగి నిలబడిన చోట తర్వాతివాళ్లూ నిలబడతారు, చూస్తుండగానే అది ఇంకో దారి అవుతుంది. కింద మొలకలుంటాయి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. నాలుగేళ్ల కింద నేల ఆర్కిడ్ ఒకటి కనిపించింది. సంతోషం పట్టలేక ఫొటో పెట్టాను, ఎక్కడుందో మ్యాపుతో సహా. రెండు వారాల తర్వాత వెళితే అక్కడ గుంట ఉంది. దుంపతో సహా తవ్వుకుపోయారు. ఎవరో నాకు తెలియదు. దారి చూపించింది మాత్రం నేనే. అప్పటినుంచి ఫొటో పెట్టే ముందు లొకేషన్ తీసేస్తున్నాను. మొక్కలు, జంతువుల ఫొటోలు పెట్టి గుర్తించుకునే ఐనాచురలిస్ట్ సైటులో అయితే ప్రమాదంలో ఉన్న జాతులని గుర్తించినవాటికి అసలు చోటు దాచి, 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక చుక్క చూపిస్తారు. అంటే సుమారు 20 కిలోమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న చోటన్నమాట. మిగతా జాతులకూ మనమే అలా దాచుకునే వీలుంది. మీ పువ్వు దొరికితే దయచేసి అలాగే చేయండి.

వెలుగునీడ:

మీ మాట సరైనదే. ఇకమీదట తుంచను. దారం ఉపాయం నాకు తట్టలేదు.

బాటపక్క:

అందరికీ కృతజ్ఞతలు. మొన్న ఆదివారం మాస్టారు చెప్పిన వరసలోనే తీశాను, ముఖం ఆఖరున. తుమ్మి దగ్గర మైనస్ 1 పెట్టాను. పువ్వు కింది పెదవి మీద సన్నటి మడతలు, పైన చిన్న టోపీలా ఉన్నదాని మీద తెల్లటి నూగు కనిపించాయి. రెండేళ్లుగా ఆ పువ్వు పక్కనుంచే నడుస్తున్నాను, ఆ నూగు ఉందని ఇప్పుడే తెలిసింది. కాండం వేళ్ల మధ్య తిప్పి చూశాను, నాలుగు పలకలూ తగిలాయి.

ఇంకో సంగతి. మాస్టారి జవాబు చదివాక, కిందటి చలికాలపు ఫొటోలున్న పాత కార్డు బయటికి తీసి, చెడిపోయాయని కంప్యూటరులోకి ఎక్కించకుండా వదిలేసినవన్నీ ఒక్కొక్కటే చూశాను. ఆ రోజుదే ఒకటి దొరికింది. తేనెటీగ బయటికి వచ్చినప్పుడు నేను ఉలిక్కిపడినట్టున్నాను, కెమెరా పక్కకు తిరిగి చెయ్యి తగిలింది. పువ్వు సగమే ఉంది, అదీ మసక. కానీ పక్కనుంచి పడింది. పువ్వు మొదట్లో రెండు వెడల్పాటి పచ్చటి రెక్కల్లాంటివి ఉన్నాయి, అంచుల వెంట సన్నటి ముళ్లలాంటివి. వాటి లోపల ఏముందో తెలియడం లేదు. ఆకులు రెండు ఎదురెదురుగా ఉన్నాయి. ఫొటో కింద పెడుతున్నాను. మాస్టారూ, ఒకసారి చూడండి.

పాత బాటనీ మాస్టారు:

చూశానండి. ఆ రెండు వెడల్పాటివే బయటి రక్షక పత్రాలు. అంచున ముళ్లు స్పష్టంగానే ఉన్నాయి. బార్లేరియానే, సందేహం లేదు. ఏ జాతి అన్నది ఇంత మసకలో నేను చెప్పను.

కానీ ఫొటో కింద కుడి మూలలో, బండరాయి అంచున, గోధుమరంగుగా ఒకటుంది చూడండి. విచ్చిన పాత కాయలా ఉంది. ఈ కుటుంబంలో గింజలను విసిరేసే చిన్న కొక్కేలు కాయ లోపల ఉంటాయి, గింజలు పోయినా అవి మిగిలిపోతాయి. గింజకు ఒకటి చొప్పున ఉంటుంది. బార్లేరియాలో కొన్ని జాతులకు రెండే గింజలు, కొన్నింటికి నాలుగు. రా ఫైలు ఉంటే ఆ మూల ఒక్కటీ వెలుగు పెంచి, పెద్దది చేసి పెట్టగలరా? కొక్కేలు లెక్కపెడతాను.