గోర్డన్ సదస్సులో ఫొటోలు వద్దన్న నియమం ఉండాలా, పోవాలా?

కొలిమి: హై టెంపరేచర్ కొరోజన్ (బాగా వేడిలో లోహాలు తుప్పుపట్టి పాడవడం) మీద గోర్డన్ రీసెర్చ్ కాన్ఫరెన్స్ తెలుసు కదా, కొద్దిమంది ఒకేచోట బసచేసి మాట్లాడుకునేది. అక్కడ స్లైడ్లకూ పోస్టర్లకూ ఫొటోలు తీయకూడదు, రికార్డింగ్ కూడదు, విన్నది చెప్పినవాళ్ల అనుమతి లేకుండా వాడకూడదు. ప్రొసీడింగ్స్, అంటే సదస్సు పత్రాల సంపుటి, కూడా వేయరు. జనం పన్నుల సొమ్ముతో జరిగే పరిశోధనకు ఇంత గుట్టెందుకు? ఎత్తేయాలి.

థర్మోబాలెన్స్: ఎత్తేస్తే ఆ సదస్సుకు వెళ్లే అవసరమే ఉండదండీ. పేపర్లలో కనిపించేది కాలంతో లోహం బరువు ఎంత పెరిగిందో చూపే నున్నటి పారాబోలా గీత. లోహం మీది ఆక్సైడ్ పొర మందమయ్యేకొద్దీ ఆక్సీకరణ నెమ్మదిస్తుందని 1933లో వాగ్నర్ సిద్ధాంతం ఇచ్చాడు, సరే. చల్లార్చి మళ్లీ వేడిచేస్తే పెచ్చులూడిన నమూనా పేపర్లోకి రావడం అరుదు, అక్కడ చూపిస్తారు. టర్బైన్ బ్లేడ్లనే తీసుకోండి. వాటిమీద పేరుకునే సోడియం సల్ఫేట్ ఉప్పు కరిగితే లోహాన్ని తినేస్తుంది. అది కరిగేది 884 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 700 దగ్గర ఏం భయం అనిపిస్తుంది. గ్యాసులో సల్ఫర్ ట్రయాక్సైడ్ ఉంటే కోబాల్ట్ సల్ఫేట్ పుట్టి, రెండూ కలిసి 565కే కరగగలవు. అలా గుంటలుపడ్డ బ్లేడును ఒక కంపెనీ ఇంజనీరు తెరమీద పెట్టాడంటే ఈ నియమం మీద నమ్మకంతోనే. మధ్యాహ్నాలు సెషన్లుండవు, అతన్ని కూర్చోబెట్టి అడగొచ్చు.

కొలిమి: బ్లేడు సరే. ఒక విద్యార్థి పోస్టర్‌ను ఫోన్‌లో తీసుకుంటే ఎవరికి నష్టం?

యిట్రియం: విద్యార్థికే, సార్. ఇలాంటి సదస్సులోనే నా పోస్టర్‌లో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర లోహానికి అంటుకుని ఉండటానికి హాఫ్నియం అనే లోహం ఎంత కలపాలో పెట్టాను. తర్వాత వేరే గ్రూపు పేపర్‌లో అదే మిశ్రలోహం, అవే ఉష్ణోగ్రతలు. నా పేరు లేదు.

కొలిమి: చూశారా! ప్రొసీడింగ్స్ ఉంటే తేదీతో సహా సాక్ష్యం ఉండేది. నియమం కాపాడింది దొంగనే.

థర్మోబాలెన్స్: ఒక్క ఫొటో పట్టుకుని వేలాడుతున్నారు. అసలు మీరెప్పుడైనా వెళ్లారా?

నికెల్‌బేస్: ఆ ప్రశ్న అనవసరం.

కొలిమి: వెళ్లలేదు! దరఖాస్తు పెట్టాను, ప్రయాణానికి డబ్బివ్వలేదు మా సంస్థ. నీటి ఆవిరిలో క్రోమియా (క్రోమియం ఆక్సైడ్) పొర ఆవిరైపోయి ఉక్కు పాడవుతుందని తెలిసిందే. ఏ కూర్పులో పొర ఎప్పుడు విఫలమై ఉక్కు వేగంగా పాడవుతుందన్నదే తెలియక నెలలపాటు ఫర్నేస్ నడిపాం. ఆ కూర్పు పనికిరాదని అక్కడ ముందే చూపించారట, వెళ్లొచ్చినాయన తీరిగ్గా చెప్పాడు. మీరు ఒక సాయంత్రం విన్నది మాకు నెలల కరెంటు, నమూనాలు, ఒక కుర్రాడి థీసిస్.

థర్మోబాలెన్స్: అంటే మీ గొడవ ఫొటోలతో కాదు, విఫలమైన డేటా బయటికి రాకపోవడంతో. ఈ నియమం ఎత్తేస్తే ఆ డేటా అక్కడ కూడా కనపడదు.

కొలిమి: మరి గదిలో ఉన్నవాళ్లే అచ్చువేయాలి కదా. మీరు వేశారా?

థర్మోబాలెన్స్: కంపెనీ ఇచ్చిన నమూనాలు. ఒప్పందం ఒప్పుకోదు.

యిట్రియం: మీ సొంత లోహాలవి సార్? పొర ఊడాక వచ్చిన బరువుల లెక్కలు?

థర్మోబాలెన్స్: అవి ఉన్నాయి. ఏ జర్నల్ తీసుకుంటుందో చెప్పండి, పంపుతాను.

కొలిమి: జర్నల్ దేనికి? పట్టిక ఇక్కడే పెట్టండి.