గాల్‌బ్లాడర్ క్యాన్సర్‌తో కామెర్లు: స్టెంట్ ముందా, స్కాన్ ముందా?

గోదావరి_గట్టు:
గాల్‌బ్లాడర్‌లో (పిత్తాశయంలో) గడ్డ, బిలిరుబిన్ (కామెర్ల తీవ్రత చూపే రక్తపరీక్ష) 14, ఒళ్లంతా దురద. జ్వరం లేదు. రేపే స్టెంట్ (పిత్తనాళాన్ని తెరిచి ఉంచే సన్న గొట్టం) వేస్తామంటున్నారు. తర్వాత ఆపరేషన్‌కి ఇబ్బంది అవుతుందా?

ఓటీ_లైటు:
జ్వరం లేదంటున్నారు కాబట్టి ముందు ట్రైఫేజిక్ సీటీ (రంగు మందు ఎక్కించి మూడు దశల్లో తీసే స్కాన్), ఎంఆర్‌సీపీ (పిత్తనాళాల ఎంఆర్ఐ) చేయించండి. స్టెంట్ పడ్డాక నాళాలు ముడుచుకుపోయి, చుట్టూ వాపొస్తుంది. గడ్డ ఎక్కడిదాకా పాకిందో తేల్చడం కష్టం. చలిజ్వరం వస్తే మాత్రం ఆగకూడదు, అది కొలాంజైటిస్ (పిత్తనాళాల ఇన్ఫెక్షన్). అప్పుడు పసరు (పైత్యరసం) బయటికి తీయడమే మొదటి పని.

ట్యూబ్_డ్యూటీ:
అడ్డు కాలేయం ముఖద్వారం దగ్గరుంటే చాలాచోట్ల పీటీబీడీకే (చర్మం మీదుగా కాలేయంలోకి ట్యూబ్ వేసి పసరు సంచిలోకి తీయడం) మొగ్గుతారు. ఏ వైపు ట్యూబ్ వేయాలో సర్జన్‌నే అడగండి. కుడి కాలేయం తీయాల్సొస్తే ట్యూబ్ ఎడమవైపు పడాలి, కోలుకోవాల్సింది మిగిలే ముక్కే.

సంచిలోకి రోజూ ఎన్ని మి.లీ. వచ్చిందో రాసి పెట్టండి. ఉన్నట్టుండి తగ్గిపోయి, ట్యూబ్ పక్కనుంచి కారుతోందంటే మూసుకుపోయిందో, జారిందో! పసరు ఎక్కువ పోతే ఒంట్లో నీరు, సోడియం కూడా పోతాయి. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూపించుకోవాలి. ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష) పెరిగితే విటమిన్ కె ఇంజెక్షన్ ఇస్తారు.

గోదావరి_గట్టు:
ఆపరేషన్‌లో ఏమేం తీస్తారండీ? సీఏ 19-9 (క్యాన్సర్ రక్తపరీక్ష) చాలా ఎక్కువుంది. బయాప్సీ అక్కర్లేదా?

ఓటీ_లైటు:
కామెర్లకే సీఏ 19-9 పెరుగుతుంది, పసుపు తగ్గాక మళ్లీ చేయించండి. ఆపరేషన్‌కి వీలున్న గడ్డకి ముందుగా సూది గుచ్చరు, కణాలు చిందే ప్రమాదం ఉంది. కీమోకి వెళ్లాలంటే మాత్రం బయాప్సీ తప్పదు.

ముందు లాప్రోస్కోపీతో పొట్టంతా చూస్తారు. బృహద్ధమని పక్క లింఫు గ్రంథుల్ని ఫ్రోజెన్‌కి (ఆపరేషన్ మధ్యలోనే చేసే ముక్క పరీక్షకి) పంపుతారు. అక్కడ క్యాన్సర్ ఉంటే పెద్ద ఆపరేషన్ వల్ల లాభం లేదు, ఆపేయడమే సరైన నిర్ణయం. లేకపోతే గాల్‌బ్లాడర్‌తోపాటు దాన్ని ఆనుకున్న కాలేయం 4బి, 5 భాగాలు, పిత్తనాళం, చుట్టూ గ్రంథులు కనీసం 6 తీసి, చిన్నపేగుని పైకి తెచ్చి మిగిలిన నాళానికి కుడతారు. కాలేయానికి వెళ్లే కుడి రక్తనాళం కూడా చిక్కుకుంటే కుడి కాలేయం మొత్తం పోతుంది. అప్పుడు మిగిలేది 40 శాతం లోపైతే ముందే పోర్టల్ వెయిన్ ఎంబొలైజేషన్ (తీసేసే వైపు రక్తసరఫరా మూసి, మిగిలే వైపు పెరిగేలా చేయడం) చేసి, 3–4 వారాలాగి కొలుస్తారు. బిలిరుబిన్ సాధారణంగా 3 లోపుకి రావాలి. తొందరపడితే లివర్ ఫెయిల్యూర్, అతుకు దగ్గర లీకు.

ట్యూబ్_డ్యూటీ:
సెకండ్ ఒపీనియన్‌కి రిపోర్టు కాగితాలు చాలవు. స్టెంట్‌కి ముందు తీసిన సీటీ డైకామ్ (స్కాన్ అసలు బొమ్మల) సీడీ పట్టుకెళ్లండి.