మూసీ ఒడ్డున విల్లో చెట్లు (క్రికెట్ బ్యాట్లు చేసేవి) పెంచి మేకలకు మేపొచ్చా?

సింగారం జీవాలు:
న్యూజిలాండ్‌లో కరువొస్తే విల్లో కొమ్మలు నరికి గొర్రెలకూ ఆవులకూ వేస్తారు, లడఖ్‌లో అయితే ఆకు ఎండబెట్టి చలికాలానికి దాచుకుంటారు. మన దగ్గర ఏప్రిల్ వచ్చిందంటే మోపు గడ్డి రేటు వింటేనే టెన్షన్. మూసీ పక్కన ఏడాదంతా తడే, విల్లో కొమ్మ గుచ్చితే చాలు వేరు పోస్తుంది. పెడితే తప్పేంటి?

పీర్జాదిగూడ బర్రెలు:
ఆ నీళ్లే తప్పు తమ్ముడూ. విల్లో మట్టిలోని కాడ్మియం, జింక్ లాంటి లోహాలు లాగి ఆకుల్లోకి ఎక్కించుకునే చెట్టు, అందుకే విదేశాల్లో విషం పట్టిన నేలల్ని బాగు చేయడానికి దాన్ని నాటుతారు. ఫ్యాక్టరీల మురుగు కలిసే చోట దాన్ని పెంచి, ఆ ఆకు మేకకు పెట్టి, ఆ మేకను మళ్లీ మనమే తింటామా?

సింగారం జీవాలు:
భలే చెప్పావన్నా. అదే మూసీ నీళ్లతో పెరిగిన పారాగడ్డి సిటీ బర్రెలు దశాబ్దాలుగా తింటున్నాయి, ఆ పాలతో చాయ్ తాగట్లేదా? విల్లో అనగానే కాడ్మియం గుర్తొచ్చిందా?

పీర్జాదిగూడ బర్రెలు:
మావీ తింటాయి, కాదనను. వేరే గతి లేక. ఉన్నది చాలదని ఇంకోటి నెత్తికెత్తుకోవడం దేనికి?

రాజేంద్రనగర్ పశువైద్యం:
ఇద్దరూ నీళ్ల దగ్గరే ఆగిపోయారు. విల్లో ఆకులో టానిన్లనే వగరు పదార్థాలుంటాయి, నట్టల బెడద కొంత తగ్గిస్తాయి, అంతవరకు మంచిదే. కానీ అది చల్లటి ప్రాంతాల చెట్టు, మన మే ఎండలకు నిలబెట్టాలంటే నీళ్లు పోస్తూనే ఉండాలి. అన్ని నీళ్లుంటే అవిసె చెట్లు పెట్టుకోండి, లేకపోతే సుబాబుల్. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, అదొక్కటే మేపితే వెంట్రుకలు రాలతాయి కాబట్టి మేతలో మూడో వంతు దాటనివ్వొద్దు. గిరిపుష్పం కూడా పనికొస్తుంది, కాకపోతే ఆ వాసనకు మేకలు మొదట్లో మూతి తిప్పుకుంటాయి. కోసి ఒక పూట వాడ్చి వేస్తే మెల్లగా అలవాటు పడతాయి.

జియాగూడ గల్లీ:
బక్రీద్ ముందు మా దగ్గర రావి మండలు కట్టలు కట్టి అమ్ముతారు. మేకలు ఆకుతో ఆగవు, బెరడు కూడా గీకి తినేసి పుల్ల తెల్లగా వదిలేస్తాయి. విల్లో వస్తే రోడ్డు మీది రావిచెట్లయినా బతుకుతాయేమో!

సింగారం జీవాలు:
సుబాబుల్ పెట్టిన పొలాలు చూశాను సార్, గింజ రాలి పక్కోడి చేనంతా అదే. సరే, మూసీ వదిలేస్తా, బోరు కింద గట్టు మీద ఒక వరస విల్లో పెట్టి చూస్తా. కొమ్మలెక్కడ దొరుకుతాయో చెప్పండి.

పీర్జాదిగూడ బర్రెలు:
కశ్మీర్‌లో అడుగు, క్రికెట్ బ్యాట్లకు పోగా మిగిలినవి ఇస్తారు.