అప్‌డేట్: శాంట్రోకి డోర్, ఫెండర్ దొరికాయి

మా నాన్నగారి 2006 శాంట్రో జింగ్ కారుకి ఎడమవైపు ముందు డోర్, ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కడ దొరుకుతాయని పోయిన నెల అడిగాను కదా, విజయవాడ ఆటోనగర్‌లోనే దొరికాయండి. మొదటి షాపులో ఫెండర్ పైకి మెరిసిపోతోంది, కానీ మీలో ఒకరు చెప్పినట్టు అయస్కాంతం పెట్టి చూస్తే చక్రం పైన వంపు దగ్గర అస్సలు అంటుకోలేదు, అక్కడ రేకు మీద అంతా సొట్టలు పూడ్చే పుట్టీయే. రెండో చోట ఉన్నది 2003కి ముందు మోడల్‌ది, హెడ్‌లైట్ దగ్గర ఆకారమే వేరు. మూడో చోట డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాల దగ్గర తుప్పు లేదని వేలు పెట్టి తడిమి చూసుకున్నాకే డబ్బిచ్చాను. పెయింట్ ఇంకా వేయించాలి. పాత డోర్ మాత్రం వెంటనే ఇచ్చేయకండి, లాక్ అందులోంచే తీసి బిగించారు, అందుకే పాత తాళంచెవే పనిచేస్తోంది. చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్, నాన్నగారు నిన్న గుంటూరు దాకా వెళ్లొచ్చారు.