కోట ముద్ర ఉంటే అది ఎక్సెటర్ చెంచా అయిపోతుందా?

పాతవెండి_పిచ్చి:
పోయిన నెల ఇక్కడ ఇంగ్లండ్‌లో ఒక పాత సామాన్ల కొట్లో విక్టోరియా కాలపు వెండి టీ చెంచాలు ఆరు కొన్నాను. చీటీ మీద "ఎక్సెటర్‌లో చేసినవి" అని రాసి, లండన్ ముద్ర ఉన్న అలాంటి వాటికంటే రేటు ఎక్కువే చెప్పారు. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే నడిచే సింహం, మూడు బురుజుల కోట, ఏడాది అక్షరం, రాణి తల, అన్నీ ఉన్నాయి, పక్కన ఉన్నది మాత్రం జోసయ్య విలియమ్స్ అండ్ కో వాళ్ల ముద్ర. ఆ వెండి సామాన్ల కంపెనీది బ్రిస్టల్! కోట చెప్పేది వెండిని ఎక్సెటర్‌లో పరీక్షించారని, అంతే. వెండి స్వచ్ఛత పరీక్షించి ముద్ర వేసే అక్కడి కార్యాలయం 1701 నుంచి 1883 దాకా నడిచింది, దానికి ప్లిమత్ నుంచీ బ్రిస్టల్ నుంచీ కూడా సరుకు వచ్చేది. మరి ఊరి పేరుకి డబ్బులు తీసుకోవడం న్యాయమేనా?

లీడ్స్_గోదారోడు:
మీరు మరీ పట్టుపట్టేస్తున్నారండీ. యార్క్ పరీక్షా కార్యాలయం 1858లో మూతపడింది, న్యూకాజిల్‌ది 1884లో, చెస్టర్‌ది 1962లో. ఆ ముద్రలు ఇక కొత్తగా పడవు, సేకరించేవాళ్లు ఇష్టపడేది వాటినే, చెంచా ఏ కొలిమి దగ్గర పుట్టిందో కాదు. అయినా పాతకాలపు లండన్ వెండి పనివారు హెస్టర్ బేట్‌మన్ ముద్ర ఉన్న చెంచాని ఆవిడ చేసిందనే కదా అందరూ అంటారు, దాని సంగతేంటి?

పాతవెండి_పిచ్చి:
ముద్ర కోసం ఎక్కువ ఇస్తే తప్పులేదు గారూ, ఒప్పుకుంటాను. నా గొడవంతా "చేసినవి" అన్న మాటతోనే. హెస్టర్ గారు లండన్‌లో 1761లో తన హెచ్‌బి ముద్ర నమోదు చేయించుకుని, కొడుకులతో కోడలితో పెద్ద పనిశాల నడిపారు, ఆ ముద్ర పడిన ప్రతి చెంచానీ ఆవిడే సుత్తి పట్టి కొట్టారని ఎలా అంటాం? ఆ అక్షరాలకి అర్థం ఈ సరుకుకి బాధ్యత నాది అని. మన ఊళ్లో కూడా కొట్టు పేరు ఒకటి ఉంటుంది, లోపల కూర్చుని పనిచేసే కంసాలి వేరే ఉంటాడు, మనకిది కొత్తేం కాదు.

చేసినవాడి పేరే కావాలనుకునేవాళ్లు 17వ శతాబ్దపు ఇంగ్లండ్ పడమటి ఊళ్ల చెంచాలు చూడాలి. టాంటన్, బార్న్‌స్టపుల్ లాంటి చోట్ల కంసాలి తన ముద్రనే కాడ మీద రెండు మూడుసార్లు కొట్టేవాడు. టాంటన్ ఊరి ముద్ర నాకు ప్రాణం: టి అక్షరం, దాని మీద అడ్డంగా ఒక పీపా. పాత ఇంగ్లీషులో పీపాని టన్ అంటారు, రెండూ కలిపి చదివితే టాంటన్! అక్కడ కూడా ఏ అక్షరాలు ఎవరివో తేల్చాలంటే ఊరి రికార్డులు తిరగేయాల్సిందే, ఊహించి పేరు రాసేస్తే తర్వాత కొన్నవాళ్లు అదే నమ్ముతారు.

నా ఆరు చెంచాల పెట్టె మీద చీటీ మార్చేశాను: "బ్రిస్టల్ వాళ్ల ముద్ర, పరీక్ష ఎక్సెటర్‌లో."