పాత ఫోర్ బై ఫోర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ పైపు లీకు: అతుకు వేయించాలా, మార్పించాలా?

ప్రశ్న (తిరువాన్మియూరు, చెన్నై)

నా దగ్గర సుమారు 20 ఏళ్ల నాటి ఆటోమేటిక్ ఫోర్ బై ఫోర్ డీజిల్ బండి ఉంది. గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరచడానికి గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్‌కు వెళ్లే రెండు ఉక్కు పైపుల్లో ఒకటి, ఛాసిస్‌కు బిగించిన క్లిప్పు దగ్గర తుప్పుపట్టి, ఎర్రటి ఆయిల్ కారుతోంది. తుప్పుపట్టిన ముక్కను కోసి, అక్కడ రబ్బరు హోస్ తొడిగి క్లాంపులు బిగిస్తే చాలునని మెకానిక్ అంటున్నారు. కంపెనీ పైపులు దొరకడం లేదు. ఏలగిరి వంటి కొండదారుల్లోనూ ఈ బండినే నడుపుతాను కనుక, ఆ అతుకును నమ్మవచ్చో లేదో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు (అంబత్తూరు)

అతుకుతో సరిపెట్టుకోవద్దండీ. సముద్రపు గాలిలోని ఉప్పూ, బురదా క్లిప్పుల కింద చేరి తడి ఆరనివ్వవు కాబట్టి, మిగతా క్లిప్పులు విప్పి చూస్తే అక్కడా పైపు పలచబడి ఉండే అవకాశమే ఎక్కువ. ఆయిల్ బాగా తగ్గితే గేర్‌బాక్స్‌లోని పంపు గాలి పీల్చుకుంటుంది, ఆయిల్ నురగకట్టి పీడనం పడిపోతుంది, క్లచ్ ప్లేట్లు జారి మాడిపోతాయి. వేడెక్కిన ఎగ్జాస్ట్ పైపు మీద ఆయిల్ పడితే నిప్పంటుకోవచ్చు కూడా. లీకు ఆగేదాకా బండిని బయటికి తీయకపోవడమే మంచిది.

పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో పాత పైపు దొరికినా దానిదీ దాదాపు ఇదే వయసు కనుక నేను సిఫారసు చేయను. మీ పైపులను వంపులు చెడకుండా విప్పించి, వాటినే నమూనాగా ఇచ్చి, అదే కొలత గల ఉక్కు పైపుతో గానీ, రాగి-నికెల్ మిశ్రమలోహపు పైపుతో గానీ కొత్తవి చేయించండి. రాగి-నికెల్ పైపుకు తుప్పు బెడద ఉండదు, వంచడమూ తేలిక. ఏసీ పనుల్లో వాడే ఉత్త రాగి పైపు మాత్రం వద్దు. ఇంజన్ అదురుకు అది క్రమంగా గట్టిపడి పగులుతుంది.

జవాబు (తాంబరం)

పై సలహాతో ఏకీభవిస్తున్నాను. అయితే రబ్బరు హోస్ అసలు పనికిరాదని అనుకోనక్కరలేదు. ఇంజన్ కదలికను తట్టుకోవడానికి చాలా బండ్లలో కంపెనీవారే పొట్టి హోస్ ముక్కలు పెడతారు. పైపులతోపాటు వాటినీ మార్పించండి. అవి ఎస్‌ఏఈ జే1532 ప్రమాణానికి తగినవై, అంటే ప్రత్యేకించి ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిల్ కూలర్ కోసమే చేసినవై ఉండాలి. నీటి హోస్ ఆ ఆయిల్‌కూ వేడికీ ఉబ్బి మెత్తబడుతుంది. హోస్ ఎక్కే చోట పైపు కొన ఉబ్బెత్తుగా లేకపోతే, ఎంత బిగించినా హోస్ జారి ఊడిపోవచ్చు.

రేడియేటర్ వైపు నట్టు విప్పేటప్పుడు జాగ్రత్త అవసరం. తుప్పు వదిలే నూనె ముందు రోజే వేసి, రేడియేటర్ ఫిట్టింగ్‌ను ఒక స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, రెండో స్పానర్‌తో నట్టు తిప్పించండి. లేకపోతే ఫిట్టింగ్ మెలిపడి రేడియేటరే పాడవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మిగతా క్లిప్పులు విప్పించి చూస్తే రెండో పైపు కూడా పొరలుగా లేస్తోంది. రెండూ కొత్తవి చేయిస్తున్నాను. ఆయిల్ విషయంలో ఏమైనా చూసుకోవాలా?

జవాబు (తాంబరం)

కారుతున్న ఆయిల్ రంగు ముందే చూడండి. పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ పగిలి నీళ్లు కలుస్తున్నాయని అర్థం. అప్పుడు రేడియేటర్ కూడా మార్చాలి, గేర్‌బాక్స్ ఆయిల్ మొత్తం తీయించాలి. స్వచ్ఛమైన ఎరుపైతే, బండి పుస్తకంలో చెప్పిన రకం ఆయిల్‌నే తగ్గినంత మేరకు పోయించి, ఇంజన్ నడుస్తుండగా, ఆ పుస్తకం చెప్పిన వేడిలో, చెప్పిన గేర్‌లో మట్టం చూపించండి. కొంచెం నడిపాక ప్రతి జాయింటునూ తుడిచి మళ్లీ పరీక్షించండి.